చూపించని గుంత

మా బావకు సైకిల్ స్నేహితులు పెట్టిన పేరు రేడియో. మా అక్క ఆ పేరు ఒప్పుకోదు. రేడియోకైతే కట్టేయడానికి మీట ఉంటుంది కదరా, ఈయనకేదీ అంటుంది.

బావ లిఫ్టు మెకానిక్. ఎత్తైన భవనాల్లో లిఫ్టు తిరిగే చీకటి సందులోకి దిగి, లిఫ్టు పెట్టె కప్పు మీద నిలబడి, తలకు లైటు కట్టుకుని పనిచేస్తాడు. ఇనుప తాళ్ల మీద గుడ్డ పెట్టి లాగుతాడు. ఎక్కడైనా పోగు తెగి లేచి ఉంటే అది గుడ్డకు పట్టుకుంటుంది. పట్టాలకు నూనె రాస్తాడు. తలుపు సరిగ్గా మూసుకోవడం లేదంటే కింది గాడిలో ఇరుక్కున్న గులకరాయో, పిల్లల గోళీయో, ఎవరి చెప్పు తాలూకు మేకో పీకి అవతల పారేస్తాడు. లిఫ్టు రోగాల్లో ముప్పాతిక తలుపు రోగాలేనని ఆయన సిద్ధాంతం. మనుషుల గురించి కూడా ఆయనకు ఇలాంటి సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. అన్నీ చెబితే మీరు లేచి వెళ్లిపోతారు.

ఆ పనిలో మాట్లాడేందుకు పక్కన నరమానవుడు ఉండడు. ఎప్పుడైనా కరెంటు పోయి లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నప్పుడు మాత్రం చూడాలి మా బావను. తలుపు సందు దగ్గర నోరు పెట్టి, "అమ్మా, నేనొచ్చేశాను, ఇంక మీకేం భయం లేదు. ఇంతకీ ఆ సంచిలో ఏం కొనుక్కొస్తున్నారు? పాలు అయితే విరిగిపోకముందే తలుపు తీసేస్తాను" అంటూ మొదలుపెడతాడు. లోపల ఏడుస్తున్నవాళ్లు కాసేపటికి నవ్వుతారు. తలుపు తెరిచాక కూడా బయటికి రాకుండా, కథ చివరికి ఏమైందో చెప్పమని అడిగినవాళ్లు ఉన్నారని ఆయనే చెప్పుకుంటాడు. కోతలన్నీ తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. ఆయన మాట వల్ల ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు.

వారమంతా కూడబెట్టుకున్న మాటలకు తలుపులు తెరుచుకునేది ఆదివారం నాడు. ఆ రోజు తెల్లవారుతూనే మేం కొందరం సైకిళ్లెక్కి ఊరు దాటి చాలా దూరం పోయి వస్తాం. మాకు పెద్దదిక్కు మాస్టారు. బడిలో ఆటలు నేర్పి రిటైరయ్యారు కానీ ఈల ఇంకా మెడలోనే వేలాడుతూ ఉంటుంది. బావ చక్రం వెనక ఎప్పుడూ సెలూన్ ఆయన ఉంటాడు. ఆయన్ని మేం కత్తెర అంటాం. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. బావా ఆయనా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్లు. నేను ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాను. కూర్చుని చేసే పని, పొట్ట కూడా దానికి తగ్గట్టే ఉంది. కాబట్టి వరసలో నాది చివరి చోటు.

మా కబుర్లకు అర్థంపర్థం ఉండదు. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి సీటు ఎక్కడ కోస్తోంది, ఏ మలుపులో టీ బాగుంటుంది, ఇవే. మిగతాదంతా బావ.

"ఒరేయ్ రేడియో, కాస్త విరామం ఇవ్వరా, చెవులు ఊడిపోతున్నాయి" అని అరిచేవారు మాస్టారు.

"విరామం ఇస్తే మీరు నిద్రపోయి పడిపోతారు మాస్టారూ."

"నువ్వు చెప్పరా. ఆయనకి ఎత్తు ఎక్కలేక ఆయాసం, ఆ కోపం నీ మీద చూపిస్తున్నారు" అనేవాడు కత్తెర వెనకనుంచి. ఆయన రోజంతా మాట్లాడే నాలుగు మాటల్లో మూడు బావను ఎగదోసేవే.

దూరం పోయేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. ఒకరి వెనక ఒకరు, చక్రం వెంట చక్రం, జానెడు ఎడంలో పోతాం. ముందువాడు గాలికి అడ్డం పడితే వెనకవాడికి తొక్కడం సులువవుతుంది. కానీ వెనకవాడికి రోడ్డు కనిపించదు. ముందున్న వీపూ, చక్రమూ తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకని గుంత వచ్చినా, రాయి వచ్చినా, గాజుపెంకు వచ్చినా ముందువాడు హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి అటువైపు కిందికి చూపించాలి. అతన్ని చూసి రెండోవాడు, రెండోవాణ్ణి చూసి మూడోవాడు, అలా ఆ చెయ్యి నా దాకా వస్తుంది. నా వెనక ఎవరూ లేకపోయినా నేనూ చూపిస్తాను, అలవాటు. కబుర్లు ఎన్నైనా చెప్పుకోవచ్చు, చెయ్యి మాత్రం మరవకూడదు. మనిషన్నవాడు తన కళ్లను ఇంకొకడికి అప్పగించి అంత వేగంగా పోతున్నాడంటే అది చిన్న నమ్మకం కాదు.

ఆ ఏడు మాకొక పిచ్చి కోరిక పుట్టింది. పొద్దున్నే బయల్దేరి, సముద్రంలో కాళ్లు తడుపుకుని, అదే రోజు ఇంటికి తిరిగి రావాలని. కత్తెర సముద్రం ఎప్పుడూ చూడలేదు. సెలూన్ మూసి ఒక రోజు ఎక్కడికైనా పోయే అలవాటే లేదు ఆయనకు. "సైకిల్ మీద పోయి చూస్తేనే చూసినట్టు" అని ఆయన్ని ఒప్పించింది బావే. అందుకోసం వారం వారం దూరం పెంచుకుంటూ సాధన చేస్తున్నాం.

అలాంటి ఒక ఆదివారం వాలు రోడ్డు మీద దిగుతున్నాం. ముందు బావ, వెనక కత్తెర, ఆ వెనక మాస్టారు. ఒక లావుపాటి పెళ్లికొడుకు కోటు లిఫ్టు తలుపులో ఇరుక్కుంటే తను ఎలా విడిపించాడో బావ చెబుతున్నాడు. కథ మంచి పట్టులో ఉంది. అప్పుడే రోడ్డు మీద గుంత వచ్చింది. బావ దాన్ని చూశాడు. హ్యాండిల్ కాస్త తిప్పి, మాట ఆపకుండా పక్కనుంచి జారిపోయాడు. చెయ్యి చూపించలేదు.

కత్తెర ముందు చక్రం ఆ గుంతలో దిగబడింది.

నేను చేరుకునేసరికి ఆయన రోడ్డు మీద కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. బావ సైకిల్ ఎక్కడో పారేసి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ ఏమీ అడక్కముందే ఆయన నోట వచ్చిన మొదటి మాట, "చెయ్యి చూపించాను కదరా!"

అది అబద్ధమని ఆ రోజు నాకు తెలియదు. చాలా రోజుల తర్వాత తెలిసింది. తెలిసిన సంగతిని దాచిపెట్టి మిమ్మల్ని ఊరించడం నాకు నచ్చదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మాస్టారికి కత్తెర వీపే తప్ప బావ చెయ్యి కనిపించే వీల్లేదు. అందుకని సూటిగా అడిగారు. "నిజంగా చూపించావా?"

అప్పుడైనా దిద్దుకోవచ్చు. మొదటిది కంగారులో వచ్చిన మాట అనుకుందాం, రెండోదానికి ఏం రోగం? "చూపించాను మాస్టారూ" అన్నాడు బావ.

కత్తెర నొప్పికి పళ్లు బిగించి తలూపాడు. "చూపించే ఉంటాడు మాస్టారూ. కథలో పడి నేనే చూసుకోలేదు."

ఆ మాటతో విచారణ ముగిసింది. దారిన పోయే వ్యానులో ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎముక విరిగింది, కట్టు కట్టారు.

తర్వాత బావ చేసిన సేవ గురించి చెప్పాలి. రోజూ పని అవగానే కత్తెర ఇంటికి పోయేవాడు. పళ్లు తీసుకెళ్లేవాడు, ఆసుపత్రికి తిప్పేవాడు, స్నానానికి నీళ్లు తోడి పెట్టేవాడు, ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోలేకపోతే పెట్టేవాడు. చూసినవాళ్లంతా స్నేహమంటే ఇదీ అని మెచ్చుకున్నారు. మాస్టారు టీ కొట్టు దగ్గర అందరి ముందూ, "ఒరేయ్, నిన్ను ఇన్నాళ్లూ వాగుడుకాయ అనుకున్నాను. నీది బంగారం లాంటి మనసు" అన్నారు. బావ గ్లాసు కింద పెట్టి, సైకిల్‌కి గాలి చూసుకోవాలని లేచి వెళ్లిపోయాడు. పొగడ్త వింటే ఇంతింత అయ్యే మనిషి, ఏమిటీ వినయం అని నేను ఆశ్చర్యపోయాను కూడా.

సెలూన్లో రెండు కుర్చీలు. రెండోది కత్తెర కూతురిది. తండ్రి దగ్గరే పని నేర్చుకుంది, చెయ్యి తేలిక. కట్టు విప్పే దాకా ఆ పిల్లే రెండు కుర్చీలూ చూసుకుంది. కట్టు విప్పారు, ఎముక చక్కగా అతికింది. కత్తెర మళ్లీ కుర్చీ వెనక నిలబడ్డాడు. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

ఒకరికి గడ్డం గీస్తూ మధ్యలో కత్తి ఆపేసేవాడు. అద్దంలో తన కళ్లనే చూసుకుంటూ నిలబడిపోయేవాడు. ఏమైందంటే, "ఎదురుగా చెయ్యి చూపిస్తేనే చూడలేనివాణ్ణి. ఈ గొంతు మీద ఎక్కడ ఏముందో నాకు కనిపిస్తోందో లేదో" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు, కానీ రెండోసారి కూతురి కుర్చీలోనే కూర్చునేవాళ్లు. ఆయన కళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. అది విని సంతోషించాలి కదా, ఈయన ఇంకా కుంగిపోయాడు. కళ్లు బాగుంటే లోపం బుర్రలో ఉందని తేల్చుకున్నాడు. కూతురికీ భయం పట్టుకుంది. ఒకరోజు తండ్రి చేతిలోంచి కత్తి తీసేసుకుని, "నాన్నా, నువ్వు కొన్నాళ్లు కూర్చో" అంది. ఆయన కిమ్మనకుండా కూర్చున్నాడు. తువ్వాళ్లు మడతపెట్టడం, నేల ఊడవడం ఆయన పనయింది.

ఇవన్నీ బావ ఎదుటే జరిగాయి. రోజూ అక్కడే ఉండేవాడు కదా.

"మీ బావ ఇంట్లో నోరు విప్పడం లేదురా" అంది అక్క ఒకసారి ఫోన్ చేసి. "ప్రశాంతంగా ఉంటుందేమో అనుకున్నాను. భయంగా ఉంది."

పనిలోనూ అలాగే ఉందని తర్వాత తెలిసింది. ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుంటే బావ వెళ్లాడు. తలుపు సందు దగ్గర నోరు పెట్టాడు. ఎప్పటిలాగే, భయపడకండి, నేనున్నాను కదా, నన్ను నమ్మండి అనబోయాడు. ఆ నమ్మండి అనే మాట గొంతు దాటలేదు. "ఎవరైనా ఉన్నారా బాబూ?" అని ఆవిడ లోపల్నుంచి పిలుస్తూనే ఉంది. ఈయన చెమటలు కక్కుతూ తలుపు తీసే పని చూశాడు కానీ ఉన్నానని ఒక్క మాట అనలేకపోయాడు. బయటికొచ్చిన ఆవిడ, మనిషి ఉండి కూడా పలకలేదేమిటని తిట్టిపోసి వెళ్లింది. ఆ తిట్లే ఆయనకు కాస్త హాయిగా అనిపించాయట.

ఒక ఆదివారం సాయంత్రం నేను అక్క ఇంట్లో ఉన్నాను. బావ రెండు సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చాడు. ఒకటి తనది. రెండోది కత్తెరది. గోడకు ఆనించి, వసారాలో నేల మీద కూలబడ్డాడు.

"అదేమిటి, ఆయన సైకిల్ ఇక్కడికెందుకు?" అంది అక్క.

"నాకు ఇచ్చేశాడు. ఇంక తొక్కడట. వచ్చే నెల నుంచి కుర్చీ కూడా పూర్తిగా వదిలేస్తాడట. దీన్ని నువ్వు సముద్రం దాకా తీసుకెళ్లరా, నేను వెళ్లినట్టే ఉంటుంది అన్నాడు."

"అయ్యో పాపం" అన్నాను నేను.

బావ నా వైపు చూశాడు. "నేను చెయ్యి చూపించలేదురా" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాటలన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. గుంత చూశాననీ, కథ ఆపబుద్ధి కాలేదనీ, రెండో క్షణంలో వెనక చప్పుడు వినిపించిందనీ, ఆ తర్వాత రోజూ చెబుదామనే వాడింటికి పోయాననీ, వాడి కూతురు టీ ఇచ్చి కూర్చో బాబాయ్ అంటే ముఖం చెల్లక గుండీలు పెట్టి వచ్చేశాననీ. "నా అంత నీచుడు ఉంటాడటే?" అని అక్కను అడిగాడు.

అక్క ఓదార్చలేదు. మా అక్కకు కోపం వస్తే గొంతు చిన్నదవుతుంది. "ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. లేవండి. ముఖం కడుక్కోండి. ఆయన సైకిల్ ఆయన ఇంటికి వెళ్లాలి" అంది. నా వైపు తిరిగి, "నువ్వూ వెళ్లరా. దారిలో ఎక్కడా ఆగనివ్వకు" అంది.

రెండు సైకిళ్లూ నడిపించుకుంటూ పోయాం. నాకు ఒళ్లు మండిపోతోంది. మండుతూనే జాలిగా ఉంది, ఆ జాలి మీద మళ్లీ కోపం వస్తోంది. అక్కడ కుప్పకూలి కూర్చున్న మనిషి అమాయకుడు, ఇక్కడ ఏడుస్తున్నవాడు మా ఇంటి మనిషి. నేను ఎవరి వైపు చూడాలి?

సెలూన్లో గిరాకీ లేదు. కూతురు కత్తెరలు తుడుస్తోంది, తండ్రి చీపురు పట్టుకుని ఉన్నాడు. సైకిల్ చూసి, "మళ్లీ తెచ్చావేంట్రా?" అన్నాడు.

బావ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. కథలు చెప్పే మనిషి, ఈ ఒక్కటీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "ఆ రోజు నేను చెయ్యి చూపించలేదు. గుంత నాకు కనిపించింది. నేను పక్కకు తప్పుకున్నాను. నీకు చూపించలేదు. నీ తప్పేం లేదు. నీ కళ్లూ బాగున్నాయి, బుర్రా బాగుంది. చూడ్డానికి అక్కడ చెయ్యే లేదు."

కత్తెర చీపురును గోడకు ఆనించాడు. కుడి మణికట్టు రుద్దుకున్నాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. నిజానికి ఒక లెంపకాయ కొడితే బాగుండుననిపించింది.

"గుంత సంగతి వదిలెయ్" అన్నాడు చివరికి. "కబుర్లలో పడితే ఎవరికైనా చెయ్యి మరుపు వస్తుంది. నేనూ మరిచాను ఎన్నోసార్లు, మనందరి అదృష్టం బాగుంది. పడ్డప్పుడు భయపడి ఏదో అన్నావు, అదీ వదిలెయ్. కానీ కళ్ల డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్లింది నువ్వే కదరా. బయట బల్ల మీద నా పక్కనే కూర్చున్నావు. నాకు బుర్ర పాడైందేమో అని నేను నీ చెయ్యి పట్టుకుని అడిగాను. అప్పుడేమన్నావు?"

బావ గుమ్మాన్ని పట్టుకున్నాడు.

"అలాంటిదేం లేదు, వయసురా అన్నావు."

బావకు తల కొట్టేసినట్టయింది. ఆ ముక్క మాతో చెప్పలేదు ఆయన. ఏడుస్తూ చెప్పిన వాటిలో కూడా అది లేదు.

కూతురు తను తుడుస్తున్న కత్తెరను బల్ల మీద పెట్టింది. "నాన్న చేతిలోంచి కత్తి లాక్కున్నది నేను బాబాయ్. ఆయన ఏమీ అనకుండా వెళ్లి ఆ మూల కూర్చుంటే చూశాను. నా చేత ఆ పని చేయించారు మీరు" అంది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిచినా బాగుండేది.

తర్వాతి ఆదివారం టీ కొట్టు దగ్గర బావ మాస్టారికీ, మిగతావాళ్లకీ అదే సంగతి చెప్పాడు. ఎవరూ చెప్పమనలేదు, తనే చెప్పాడు. మాస్టారు చాలాసేపు టీ తాగలేదు. "ఇంక నువ్వు ముందుండకు" అన్నారు అంతే. ఇప్పుడు వరసలో బావ చోటు నా వెనక. నేను చెయ్యి చూపిస్తే తనూ చూపిస్తాడు, వెనక ఖాళీ రోడ్డుకి.

కత్తెర వారం తిరక్కుండా మళ్లీ కుర్చీ వెనక నిలబడ్డాడు. మొదట్లో కాస్త తడబడ్డాడట, తర్వాత చెయ్యి దానంతటదే దారిలో పడింది. సైకిలూ ఎక్కాడు. ఇప్పుడాయన మాస్టారి ముందు పోతాడు, అందరికంటే ముందు. సముద్రం దాకా మమ్మల్ని తీసుకెళ్లి తీసుకొచ్చింది ఆయనే. అక్కడ అందరం నీళ్లలోకి దిగాం. బావ మాత్రం సైకిళ్లకు కాపలా అని ఒడ్డునే ఉండిపోయాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

బావకు జుట్టు బాగా పెరిగిపోయింది. అక్క పోరు పడలేక ఒకరోజు నన్ను తోడు రమ్మన్నాడు. వేరే సెలూన్‌కి పోదామా అన్నాను. "ఇంకో చోటికి పోతే ఇంకా తప్పు చేసినట్టుంటుందిరా" అన్నాడు. వెళ్లి బల్ల మీద మా వంతు కోసం కూర్చున్నాం. కత్తెర మాకంటే ముందు వచ్చినాయనకు గడ్డం గీస్తున్నాడు. చెయ్యి ఎక్కడా వణకలేదు. గొంతు కింద కత్తి మెత్తగా, ధీమాగా పోతోంది. బావ ఆ చేతినే చూస్తున్నాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగు కనిపించింది.

మా వంతు వచ్చింది. బావ కుర్చీలో కూర్చున్నాడు. కత్తెర తెల్లగుడ్డ దులిపి మెడ చుట్టూ కట్టాడు. నీళ్లు చల్లాడు, దువ్వెన తీశాడు. అసలు ఆయన కత్తెర పట్టడం నేర్చుకున్నదే ఈ తల మీద. ఇద్దరికీ మీసాలు రాని రోజుల్లో, వాళ్ల నాన్న లేనప్పుడు దొంగతనంగా ఈ తలను చెడగొట్టి, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఒక్క ప్రశ్న అడక్కుండా దాన్ని దిద్దుతూ వచ్చాడు. సుడి ఎక్కడుందో, చెవి వెనక మచ్చ ఎక్కడుందో మా అక్కకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన అద్దంలోకి చూసి, కొత్తగా వచ్చిన ఎవరినైనా అడిగినంత మర్యాదగా, "ఎలా కత్తిరించమంటారండీ?" అన్నాడు.

బావ నోరు తెరిచాడు.

"మీ ఇష్టమండీ" అన్నాడు.